పేరు చెప్పని ట్రంకు కాల్

పక్క గదిలోంచి ఒక నవ్వు వినిపించింది. రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టుండే నవ్వు. మా మనవరాలు శ్రావణి ప్రొద్దుటూరులో ఇంట్లోనే కూర్చుని ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీకి పనిచేస్తుంది. చెవులు నొప్పి పుడుతున్నాయని ఆ రోజు హెడ్‌ఫోను తీసి స్పీకరు పెట్టింది. నేను వసారాలో అనపకాయలు ఒలుస్తున్నాను. ‘‘శ్రావణీ, ‘ఐ యామ్ ఇన్ ద కాల్’ కాదమ్మా, ‘ఆన్ ద కాల్’. ‘ఇన్ లీవ్’ కాదు, ‘ఆన్ లీవ్’. అది కడప ఇంగ్లీషా?’’ అన్నాడు ఆమె పైఅధికారి. అతని వెనక ఇంకొందరు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. కానీ అసలు మంట అది కాదు. వాళ్ళతోపాటు మా పిల్ల కూడా నవ్వింది చూడండి, అప్పుడు చేతిలో ఉన్న అనపకాయ చితికిపోయింది. నాకు ముక్కు మీద కోపమని మా ఆయన అంటుండేవాడు. నా ముక్కు చిన్నది, ఉన్న కోపమంతా దాని మీద పట్టదు. మిగిలింది ఎక్కడ పెట్టుకోవాలో నాకు నేర్పిన మనిషి ఒకామె ఉండేది. ఆమె పేరు జులేఖాబీ. ఆమె గురించి నేనెక్కడా చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త. కర్నూలులో ఉన్న రాజధాని మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు పోయిందని మావాళ్ళు ఇంకా అలిగి ఉన్న రోజులు. ప్రొద్దుటూరులో బంగారం అంగళ్ళ వెనక సందులో ఒక అద్దె మిద్దె, అదే టెలిఫోను ఎక్స్ఛేంజి. మనిషెత్తు చెక్క బోర్డు, దాని నిండా రంధ్రాలు, ప్రతి రంధ్రానికీ ఒక నంబరు, నంబరు మీద చిన్న ఇత్తడి మూత. ఎవరైనా ఫోను ఎత్తి పక్కనున్న పిడి తిప్పితే ఆ మూత టప్పున పడేది. మేము తీగె ఒకటి ఆ రంధ్రంలో గుచ్చి ‘నంబర్ ప్లీజ్’ అనాలి, ఆయన అడిగిన నంబరులో రెండో తీగె గుచ్చాలి. పై ఊళ్ళకు చేసే ఫోన్లను ట్రంకు కాల్స్ అనేవారు. వాటికి కడప, మద్రాసు, బళ్ళారి ఎక్స్ఛేంజీల వాళ్ళతో మాట్లాడాలి, ఆ మాటలన్నీ ఇంగ్లీషులోనే జరగాలని నియమం. నేను రాజుపాలెం దగ్గర పల్లె నుంచి హైస్కూలు చదువుతో వచ్చి టెంపరరీగా చేరాను. మా నాయన చేర్చుతూనే షరతు పెట్టాడు: ‘‘పర్మనెంటు అయితే ఉండు. కాలేదంటే ఎండాకాలానికల్లా ఇంటికి రా. తీగెల మధ్యన కూసోనుండే పిల్లను ఎవుడు చేసుకుంటాడు?’’ ఇంటికి పోవడమంటే వేరుశనగ చేలో కలుపు, ఎవరో ఒకరితో పెళ్ళి. ఈ రెండింటి మీదా నాకు ద్వేషం లేదు. కానీ తల మీద ఆ ఇనుప పట్టీ పెట్టుకుని, చెవిలో బళ్ళారి మాట్లాడుతుంటే మద్రాసును ఆగమని చెప్పడంలో ఉండే రుచి ఒకసారి తెలిశాక కలుపు మొక్కలతో మాట్లాడాలని అనిపించదు.

జులేఖాబీ మా హెడ్ ఆపరేటరు. పొడుగు మనిషి, నల్ల అంచు తెల్ల చీర, ముక్కుకు చిన్న పుడక. వాళ్ళ నాన్న గుంతకల్లులో రైల్వే ఫిట్టరు. రైల్వే క్వార్టర్లలో పెరగడం వల్ల ఆమెకు ఇంగ్లీషు ఇరుగుపొరుగు నుంచి చింతపండు అప్పు తెచ్చుకున్నంత సులువుగా అబ్బింది. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోయాడు. కాళ్ళు పడిపోయిన తల్లిని దగ్గర పెట్టుకుని ఎక్స్ఛేంజికి నాలుగిళ్ళ అవతల ఉండేది. మేమంతా ఆమెను ‘ఆపా’ అని పిలిచేవాళ్ళం, అంటే అక్క. అక్క అని పిలిచినందుకు ఆమె ఏమీ కరిగిపోలేదు. తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలోకి వెళ్ళి, అవసరమైతే కన్నడం కూడా కలుపుకుని మూడు భాషల్లో తిట్టేది. ఆ తిట్లలో ఎక్కువ వాటా నాది. ఎందుకంటే ఇంగ్లీషులో ఆ చిన్న ముక్కలు నాకు కుదిరేవి కావు. మన తెలుగులో ‘లో’, ‘కి’, ‘నుంచి’ బుద్ధిగా మాట వెనకాల తోకలా వస్తాయి. ఇంగ్లీషులో అవి మాటకు ముందు నిలబడి కాపలా కాస్తాయి. ఏ గడప ముందు ఏది నిలబడుతుందో నాకెప్పుడూ తెలిసేది కాదు. ‘పార్టీ ఈజ్ ఇన్ ద లైన్’ అనేదాన్ని, పార్టీ అంటే ఫోనులో అవతలి మనిషి. కడప ఆపరేటరు ‘లైనులో దూరాడా, ఎలకా?’ అని నవ్వేవాడు.

ఒక మధ్యాహ్నం బోర్డు ఖాళీగా ఉన్నప్పుడు ఆపా నా చేతిలోంచి తీగె లాక్కుంది. ‘‘ఏం మే రమణమ్మా, మీ ఊర్లో మీ చిన్నాయనను పట్టుకోని మామా అంటావా?’’ అంది.

‘‘అనను ఆపా. వరస తప్పుతాది గదా.’’

‘‘మరి లైనును పట్టుకోని ఇన్ అని ఎట్లంటావు? లైనుకు ‘ఆన్’ మేనమామ. వాడు మోసకరావల్సిన బుట్టను ‘ఇన్’ మోసకొస్తే పెండ్లి ఆగిపోతాది. లీవుకు గూడా వాడే మేనమామ, డ్యూటీకి గూడా వాడే. శానా పెద్ద బలగం వానిది. గుర్తుపెట్టుకో.’’

‘‘మరి త్రూ?’’

‘‘త్రూ పెండ్లిళ్ళ పేరయ్య. ఈడుండేటోన్ని ఆడుండేటోనికి కలిపి పక్కకు తప్పుకుంటాడు. యూ ఆర్ త్రూ టు మెడ్రాస్. మన పనీ అదే గదా, కలిపి తప్పుకునేది.’’

ఆ రోజు నుంచి మాకు ఇంగ్లీషు వ్యాకరణం పోయి బంధుత్వాలు వచ్చాయి. ‘వెయిట్’ చేసేవాడికి ‘ఫర్’ అత్తగారు, ఎప్పుడూ వెనకే నిలబడి ఉంటుంది. ‘రిప్లై’కి ‘టు’ లేకుండా గడప దాటే హక్కు లేదు. మా పల్లెలో కులమేదైనా మతమేదైనా మనిషికో వరస ఉండేది, దూదేకుల హుసేనయ్య నాకు పెదనాయన, ఆయన భార్య పెద్దమ్మ. ఆ లెక్క నాకు పుట్టుకతో వచ్చింది. అందుకే మాస్టర్లు బెత్తంతో ఎక్కించలేనిది నాకు పెళ్ళి పందిట్లో ఎక్కింది. అయినా తప్పులు దొర్లేవి. ఆమె కళ్ళెర్ర చేసేది. ఒకసారి ఏడుపు ఆపుకోలేక, ‘‘మనకెందుకాపా ఈ వాళ్ళ మాటలు? మన మాటలు చెప్తే బళ్ళారికి వినపడదా?’’ అన్నాను. ఆమె నావైపు తిరిగింది. కోపం నా మీద కాదని మొదటిసారి కనిపెట్టాను. ‘‘ఇనపడతాది. ఇనపడినంక నగుతారు. నిన్ను కాదు మే, మీ ఊరిని, మీ నాయనను, ఈడ కూసున్న నన్ను. వానికి నగేదానికి సందు ఇయ్యగూడదు. అంతే. ఇంగ్లీషు మీద నాకేం మోజు లేదు,’’ అంది. నన్ను నేర్చుకోమని అంత తిట్టిన మనిషికి నేర్చుకోక తప్పని ఆ పరిస్థితి మీదే అసలు కోపమని అప్పుడు తెలిసింది.

ఇంగ్లీషుకు అంత కట్టుబడిన ఆపా, కౌంటరు దగ్గర మాత్రం వేరే మనిషి. ట్రంకు కాల్‌లో ఫలానా మనిషితోనే మాట్లాడాలి అని అడిగే పద్ధతి ఒకటుండేది. దానికి ఆ మనిషి పేరు చెప్పాలి. మొగవాళ్ళకు బాధ లేదు. పల్లెల నుంచి ఆడవాళ్ళు వచ్చేవారు. మొగుడు బళ్ళారి హోటల్లోనో, మద్రాసు కొట్లోనో పనిచేస్తుంటాడు. ‘ఎవరికమ్మా?’ అంటే ‘మా ఆయనకు’. పేరేమిటంటే కొంగు నోటికి అడ్డం వచ్చేది. మొగుడి పేరు నోటితో పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని నమ్మకం. ఆపాకు దీనికొక విద్య ఉండేది. ‘‘ఏ సామి పేరుమ్మా? కొండమీదుండే సామా, కొండ కిందుండే సామా?’’ అని మొదలుపెట్టేది. ‘‘కడపాయన.’’ ‘‘కడపాయనంటే వెంకటరమణ. రమణయ్యా, రమణప్పా?’’ సరైన పేరు దగ్గర ఆమె తల ఊపేది. అంతే, పేరు దొరికేది. మసీదు వీధి ఆడవాళ్ళు వస్తే పైగంబర్ల పేర్లతో అదే ఆట. బెంచీ మీద కూర్చున్న పత్తి వ్యాపారులు కూడా తమ కాల్ ఆలస్యమవుతోందని మరిచిపోయి ‘కదిరి నరసింహుడేమో అడుగు’ అని సాయం వచ్చేవారు. ఇది ఏ నియమావళిలోనూ లేదు. ఊళ్ళో అందరికీ తెలిసిన పని కాబట్టి ఎవరికీ తప్పనిపించలేదు.

నన్ను పర్మనెంటు చెయ్యాలా వద్దా తేల్చడానికి పైనుంచి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. తెల్లటి ప్యాంటు, జేబులో రెండు పెన్నులు. నా వెనక కుర్చీ వేసుకుని, మేమేం మాట్లాడుతున్నామో వినడానికి ఉండే వేరే తీగె బోర్డులో గుచ్చాడు. అది గుచ్చినప్పుడల్లా నా చెవిలో ‘క్లిక్’మని చప్పుడయ్యేది. ఆ చప్పుడుకు నా గొంతు తగ్గిపోయేది. అయినా ఆ ఉదయం మేనమామలెవరూ నన్ను వదిలిపెట్టలేదు. ‘హోల్డ్ ఆన్ ప్లీజ్’ అన్నాను. ‘యువర్ పార్టీ ఈజ్ ఆన్ ద లైన్’ అన్నాను. ‘యూ ఆర్ త్రూ టు కడపా’ అన్నాను. ఇన్‌స్పెక్టరు తప్పు దొరకనందుకు చిన్నబుచ్చుకున్నట్టు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. ‘‘పర్లేదే! మీ జిల్లాలో తెలుగే తెలుగులా ఉండదు, ఇంగ్లీషు ఎలా ఉంటుందో అనుకున్నాను,’’ అన్నాడు. నేను థాంక్యూ సార్ అన్నాను. దేనికి థాంక్యూ చెప్పానో ఇప్పుడు తలుచుకుంటే నా ముక్కు చాలడం లేదు.

అప్పుడు వచ్చిందామె. జమ్మలమడుగు వైపు పల్లె మనిషి, కాళ్ళకు బురద, నెత్తిన కొంగు. బళ్ళారిలో ఒక హోటల్లో ఆమె భర్త వంటమనిషి. ఇంటి దగ్గర ఆయన తల్లికి ప్రాణం మీదికి వచ్చింది, కొడుకును కలవరిస్తోంది. ఆ సాయంత్రం బస్సుకు ఆయన బయలుదేరాలి. ‘‘పేరేందమ్మా?’’ అన్నాను. కొంగు నోటికి పోయింది. నేను అలవాటుగా, ‘‘ఏ సామి పేరు?’’ అన్నాను. ‘‘అహోబిలం సామి,’’ అంది. ‘‘నరసింహులా, నరసప్పా?’’ అంటుండగా వెనకనుంచి టేబుల్ మీద పెన్ను దెబ్బ పడింది.

‘‘ఏమిటిది, పొడుపు కథల పోటీయా? పార్టీ పేరు ఫోను చేసే మనిషే స్వయంగా చెప్పాలి. చెప్పించు.’’

‘‘సార్, మా పక్క ఆడవాళ్ళు మొగుని పేరు...’’

ఆయన లేచి కౌంటరు దగ్గరికి వచ్చాడు. ‘‘ఏమ్మా, నీ మొగుడికి పేరు లేదా? పేరు లేనివాడికి ఫోనెందుకు? చెప్పు. గట్టిగా చెప్పు, అందరికీ వినపడాలి.’’ ఆమె ఏడుపు మొదలుపెట్టింది. ఆయన బెంచీ వైపు తిరిగి, ‘‘ఈ జిల్లాలో మొగుళ్ళకు పేర్లు పెట్టరా ఏమిటండీ?’’ అని నవ్వాడు. రోజూ మాకు దేవుళ్ళ పేర్లు అందించే ఆ పెద్దమనుషులు కూడా, ఆఫీసరు నవ్వాడు గదా అని నవ్వారు. రేకు డబ్బాలో గులకరాళ్ళు. అది మొదటిసారి నేను అక్కడే విన్నాను.

ఆపా తల మీది పట్టీ తీసి మెల్లగా బోర్డు మీద పెట్టింది. లేచి నిలబడింది. ‘‘సార్, మీ ఇంటామె పేరేంది?’’ అంది.

‘‘ఏమిటీ?’’

‘‘ఈమె మొగుని పేరు నల్గురిలో చెప్పమంటిరి గదా. మీ ఇంటామె పేరు మీరు చెప్పండి. గట్టిగా. ఆ బెంచీ మీదోల్లకు గూడా ఇనపడల్ల.’’

ఆయన మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా పోయింది. నోరు తెరిచాడు, మూశాడు. ఆయనకూ చెప్పుకోలేని పేరొకటి ఉందని అప్పుడు అందరికీ అర్థమైంది. ‘‘నన్నే అంటావా నువ్వు?’’ అన్నాడు చివరికి.

‘‘అనలేదు సార్, అడిగినా.’’ ఆమె కౌంటరు వైపు తిరిగింది. ‘‘నరసప్పేనామ్మా?’’ ఆ పల్లె మనిషి తల ఊపింది. ‘‘పెట్టు మే బళ్ళారికి, ఏం చూస్తాండావు?’’ అని ఆపా నా మీద అరిచింది. నేను తీగె గుచ్చాను. కాసేపటికి హోటలు దొరికింది, నరసప్ప దొరికాడు. ఆమె ఫోనును రెండు చేతులతో పట్టుకుని, ‘‘ఇదో, నేను. అమ్మ నిన్నే అడుగుతాంది. రా,’’ అంది. ఇంకా మాట్లాడుకోవచ్చని చెప్పినా పెట్టేసింది. ఇంతకంటే ఏముంది చెప్పడానికి అన్నట్టు నావైపు చూసి కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు నన్ను వెనక గదిలోకి పిలిచాడు. మీ హెడ్ ఆపరేటరు నన్ను బూతులు తిట్టిందని ఇంగ్లీషులో రాసి సంతకం చెయ్యి, సాయంత్రానికి నీ పర్మనెంటు కాగితం మీద నేను సంతకం చేస్తాను అన్నాడు. గొంతులో కోపం లేదు, బేరం ఉంది. బయటికి వచ్చి ఆపాకు చెప్పాను. నేను రాయను, రాజుపాలెం పోతాను అన్నాను. ‘‘పోయి?’’ అంది. ‘‘కలుపు తీస్తావా? రాయనంటే కుర్చీ పోతాది, అబద్ధం రాస్తే నోరు పోతాది. జరిగింది రాయి. ఒక ముక్క ఎక్కువొద్దు, తక్కువొద్దు.’’ బోర్డు చూసుకుంటూనే చెప్పింది, నేను పక్కన నిలబడి రాశాను. ‘‘ది ఇన్‌స్పెక్టర్ ఆస్క్డ్ ది వుమన్ ఫర్ హర్ హజ్బెండ్స్ నేమ్... నంబర్ ప్లీజ్... ఆస్క్డ్ ఫర్, మరిచిపోవద్దు... హోల్డ్ ఆన్ ప్లీజ్... ది హెడ్ ఆపరేటర్ ఆస్క్డ్ ది ఇన్‌స్పెక్టర్ ఫర్ హిజ్ వైఫ్స్ నేమ్. ది వుమన్ వాజ్ ఇన్ టియర్స్. ది ఇన్‌స్పెక్టర్ వాజ్ ఇన్ ఎ టెంపర్. రాసినావా? బెంచీ మీదోల్లు లాఫ్డ్ ఎట్ హర్. ఎట్. రాయిని గురిచూసి ఇసిరినట్ల. ఎట్.’’

ఆ కాగితం చదివి ఇన్‌స్పెక్టరు పెన్ను మూత పెట్టేశాడు. ‘‘ఈ ఇంగ్లీషు నీకెవరు నేర్పారు?’’ అన్నాడు. ‘‘ఆమే సార్,’’ అన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నా కాగితం మీద సంతకం పెట్టకుండానే వెళ్ళిపోయాడు. నేను రాసింది ఏ ఫైలుకూ చేరలేదు. చేరింది ఆయన రాసుకున్నదే. కొన్నాళ్ళకు జులేఖాబీని పులివెందులకు బదిలీ చేస్తూ ఉత్తర్వు వచ్చింది, ప్రజా ప్రయోజనం కోసమట. ఏ ప్రజ, ఏ ప్రయోజనం? మొగుణ్ణి పిలిపించుకున్న ఆ ఆడమనిషిని అడిగారా ఎవరైనా? కాళ్ళు పడిపోయిన తల్లిని ఎద్దుల బండిలో పడుకోబెట్టి బస్సుస్టాండుకు తీసుకుపోతుంటే, బంగారం అంగళ్ళ ముందు నిలబడి బెంచీ పెద్దమనుషులు చూశారు. ‘పాపం’ అన్నారు. పాపమే, వాళ్ళది.

ఇంకా కొన్నాళ్ళకు నాకు పర్మనెంటు ఉత్తర్వు వచ్చింది. ఎక్కడ ఖాళీ ఏర్పడినందువల్ల నన్ను నియమిస్తున్నారో అందులోనే రాశారు. జులేఖాబీ ఖాళీ చేసిన కుర్చీ. మా నాయన సంతోషంగా బెల్లం పంచాడు. నాకు ఆ బెల్లం వేపాకులా ఉంది. రాజీనామా రాసి చేతిలో పట్టుకుని, జమ్మలమడుగులో బస్సు మారి పులివెందులకు పోయాను. ఊరి చివర ఒక చిన్న గది, గదిలో చిన్న బోర్డు, బోర్డు వెనకే తల్లి మంచం. ఆపా చీనీకాయ, అదే బత్తాయి, ఒలుస్తోంది. నా చేతిలో కాగితం చూసి విషయం అడగకుండానే తెలుసుకుంది.

‘‘ఎవురికి లాభం మే ఇది?’’

‘‘నీ కుర్చీలో నేనెట్ల కూసోవాల ఆపా?’’

‘‘నువ్వు కూసోకుంటే ఆ తెల్లప్యాంటు ఆయప్ప మనిషి కూసుంటాడు. ఆడోల్లు వస్తానే ఉంటారు గదా, మొగుని పేరు చెప్పలేక. వాల్లనెవురు అడగల్ల, ఏ సామి పేరని?’’ సగం చీనీకాయ నా చేతిలో పెట్టి, కాగితం తీసుకుని తల్లి మంచం కోడు కింద ఎత్తు సరిపోవడం లేదని మడిచి పెట్టింది. ‘‘కోపముంటే మంచిదే. దాన్ని ఇంటికి తీసకపోవద్దు. ఆడనే, బోర్డు కాడ వాడు,’’ అంది. తల్లి మంచం మీంచి ఉర్దూలో ఏదో అంది. ‘‘చీనీకాయ తిను, పుల్లగా ఉండాదా అని అడుగుతాంది అమ్మ,’’ అంది ఆపా. పుల్లగానే ఉంది. తియ్యగా ఉందని చెప్పాను.

ఆమె పులివెందులలోనే రిటైరయింది, అక్కడే పోయింది. ఆ ఇన్‌స్పెక్టరు పెద్ద ఉద్యోగాలు చేశాడని విన్నాను. ఆయన మీద నాకు కోపం పోలేదు. పోవాలని నేనెప్పుడూ అనుకోలేదు. ప్రొద్దుటూరు ఎక్స్ఛేంజి గోడకు, పార్టీ పేరు ఫోను చేసేవారే స్వయంగా చెప్పాలని ఒక నోటీసు వేలాడదీశారు. దాని కిందే కూర్చుని నేను బోర్డులున్నంత కాలం అడుగుతూనే ఉన్నాను: కొండమీద సామా, కొండ కింద సామా? ఎవరో అధికారి వింటున్నాడని చెవిలో ‘క్లిక్’మంటే గొంతు తగ్గించలేదు. ఇంకాస్త పెంచి, ‘‘రమణయ్యా, రమణప్పా?’’ అనేదాన్ని, అవతలివాడి చెవి గింగురుమనేట్టు. ఆ అలవాటు పోలేదు. ఎవరైనా నా మాట చాటుగా వింటున్నారనిపిస్తే ఈ వయసులోనూ నా గొంతు దానంతట అదే లేస్తుంది. నాకు చెవుడు ముదిరిందని ఇంట్లోవాళ్ళు మిషను కొనిచ్చారు. వాళ్ళకేం తెలుసు? నాకు శుభ్రంగా వినపడుతుంది. వినాల్సింది వాళ్ళేనని అరుస్తున్నాను.